బురుజులోకి వెళ్ళింది ఏ అమ్మ కోసం? ‘ది బాయ్ అండ్ ది హెరాన్’లో చిక్కుముళ్ళు

ముందే చెప్తున్నా, ఇందులో కథంతా చివరిదాకా చెప్పేస్తాను, సినిమా చూడనివాళ్ళు చూసొచ్చి చదివితేనే మంచిది. చూసినవాళ్ళలో నాకు తెలిసిన సగం మంది అడిగే మాట ఒకటే: "బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ అసలు ఏం జరిగింది?" మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంట్లో పిల్లలంతా కలిసి చూశారు. అయిపోగానే ఇంటర్ చదివే మా మేనకోడలు నన్ను పట్టుకుని వరసపెట్టి అడగడం మొదలుపెట్టింది. "మామా, ఆ నిప్పుల పిల్ల వాళ్ళమ్మేనా? మరి అమ్మ చచ్చిపోయింది కదా? ఆ ముసలాయన రాళ్ళెందుకు పేరుస్తున్నాడు? చిలుకలు మనుషుల్ని తినుడేంది? కొంగ మంచిదా చెడ్డదా?" అన్నీ సరైన ప్రశ్నలే. వాటిలో చాలావాటికి జవాబులు సినిమాలోనే ఉన్నాయి. ఒక్క జవాబు మాత్రం సినిమా బయట, ఒక పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం జపాన్‌లో బాగా పేరున్నది, మనం పేరైనా వినలేదు, చిక్కు అక్కడే వచ్చింది.

తీసింది జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకి. 1941లో పుట్టిన మనిషి, 2013లో ఇక పెద్ద సినిమాలు తీయనని అందరిముందూ ప్రకటించి, ఉండబట్టలేక మళ్ళీ కూర్చుని ఏళ్ళ తరబడి గీయించిన సినిమా ఇది. చేత్తో గీసిన బొమ్మలు. పని మధ్యలో నిర్మాత తోషియో సుజుకి ఒక ఇంటర్వ్యూలో చెప్పిన లెక్క ప్రకారం 60 మంది కూర్చుని గీస్తే నెలకు ఒక్క నిమిషం సినిమా తయారయ్యేది. మొత్తం సినిమా 124 నిమిషాలు. 2023 జూలై 14న జపాన్‌లో విడుదల చేసినప్పుడు ట్రైలర్ లేదు, టీవీ ప్రకటన లేదు, కొంగ మొహం ఉన్న ఒకే ఒక్క పోస్టర్. 2024లో ఆస్కార్ వచ్చింది, అదే ఏడాది మేలో మన దేశంలో థియేటర్లకు వచ్చింది. మొదటిసారి తనవాళ్ళకు వేసి చూపించినప్పుడు మియాజాకి, మీకు అర్థమై ఉండకపోవచ్చు, నాకే అర్థం కాని చోట్లు ఇందులో ఉన్నాయి అన్నారు. ఆ మాట పట్టుకుని చాలామంది దీన్ని అర్థం లేని కల అని తీసిపారేస్తున్నారు. నేను దానికి ఒప్పుకోను. ఇందులో ఒక దారం ఉంది, మొదటి అరగంటలోనే మన చేతికి ఇస్తారు, మనం కొంగను చూస్తూ దాన్ని వదిలేస్తాం.

ఆ దారం పిల్లవాడి తల మీది గాయం.

కథ వరసలో పెట్టుకుందాం. పసిఫిక్ యుద్ధం మొదలైన మూడో ఏడు, టోక్యోలో ఒక ఆసుపత్రి తగలబడుతుంది, పన్నెండేళ్ళ మహితో (పిల్లవాడి పేరే అది) వాళ్ళమ్మ హిసాకో అందులో చనిపోతుంది. దీన్ని బాంబుల దాడి అనుకునేవాళ్ళున్నారు, సినిమాలో అలా ఎక్కడా చెప్పలేదు. టోక్యోను బూడిద చేసిన పెద్ద దాడి 1945 మార్చి 9-10 రాత్రి జరిగింది, ఈ మంట అంతకంటే ముందుది. మరుసటి ఏడు తండ్రి షోయిచి కొడుకును తీసుకుని పల్లెకు వెళ్తాడు. ఆయన యుద్ధ విమానాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీ నడుపుతుంటాడు, అందరూ తిండికి అల్లాడుతుంటే ఈయనకు డబ్బు పారుతుంటుంది. (మియాజాకి సొంత ఇల్లూ అంతే, వాళ్ళ కుటుంబ కంపెనీ జీరో యుద్ధ విమానాలకు భాగాలు చేసేది, యుద్ధంలో వాళ్ళూ టోక్యో వదిలి వెళ్ళినవాళ్ళే. తల్లి మాత్రం సినిమాలోలా పోలేదు, యుద్ధం అయ్యాక వెన్ను క్షయతో ఏళ్ళకేళ్ళు మంచాన ఉంది.) పల్లెలో రైలు దిగగానే తీసుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ పేరు నత్సుకో. చనిపోయిన హిసాకోకు సొంత చెల్లెలు, అచ్చం అక్క పోలికే. తండ్రి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు, ఆమె కడుపుతో ఉంది.

అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చేయడం మన పల్లెల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. నల్గొండ, పాలమూరు ఇళ్ళల్లో తాతల తరంలో తవ్వితే అలాంటి పెళ్ళి ఒకటైనా తగులుతుంది. పిల్లలు దిక్కులేనివాళ్ళు కావొద్దని పెద్దమనుషులు కూర్చుని కుదిర్చేవాళ్ళు. కాబట్టి ఈ ఏర్పాటు మనకు వింతగా అనిపించదు, కానీ అంత మాట్లాడేవాళ్ళలో పిల్లవాడిని అడిగేవాళ్ళు ఒక్కరూ ఉండరన్నది కూడా మనకు తెలుసు. మియాజాకి దాన్ని మాటల్లో చెప్పరు. రిక్షాలో పక్కన కూర్చున్న నత్సుకో, మహితో చేయి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంటుంది, నీకు తమ్ముడో చెల్లెలో వస్తున్నారని. వాడు ఒక్క మాట అనడు. చేయి లాక్కోడు, నవ్వడు. ఇంకో రాత్రి మెట్ల మీద నిలబడి కింద తండ్రి, నత్సుకో దగ్గరగా ఉండటం చూసి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వెళ్ళిపోతాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు, అడిగినదానికి జవాబిస్తాడు, వంగి దండం పెడతాడు, లోపల మాత్రం గడ్డకట్టుకుపోయి ఉన్నాడు.

ఇక గాయం. తండ్రి మొదటిరోజే కొడుకును కారులో బడి ముందు దింపుతాడు, ఆకలి మీదున్న పల్లె పిల్లలకు అది ఎంత మండిందో చెప్పాలా, కొట్లాట అవుతుంది. ఇంటికి నడిచి వస్తూ మహితో దారి పక్కన రాయి తీసుకుని తన తల మీద తానే కొట్టుకుంటాడు. నెత్తురు ధారగా కారుతుంది. ఇంటికి వచ్చి కిందపడ్డానంటాడు. తండ్రి నమ్మడు, ఎవరు కొట్టారో చెప్పు వాళ్ళ సంగతి చూస్తా అంటూ బడి మీదికి పోతాడు. నత్సుకో మా అక్కకు ఏమని జవాబు చెప్పుకోనని కుమిలిపోతుంది. ఒక్క రాయితో ఆ పిల్లవాడు బడి తప్పించుకున్నాడు, కొట్టిన పిల్లల్ని ఇరికించాడు, చిన్నమ్మ మనసులో ముల్లు గుచ్చాడు. నిజం వాడొక్కడికే తెలుసు. ఇంత చిన్న పిల్లవాడిలో ఇంత విషం ఉంటుందా అంటే, ఉంటుంది, పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

అబద్ధం పుట్టిన ఇంటికి అబద్ధాల పక్షి రావడంలో ఆశ్చర్యం లేదు. మనకు కొంగజపం అన్న మాట ఊరికే రాలేదు, పంచతంత్రంలో చేపల్ని నమ్మించి మింగిన కొంగ మనకు చిన్నప్పుడే పరిచయం, అందుకే ఈ సినిమాలో కొంగ నోరు తెరిచి "మీ అమ్మ బతికే ఉంది, నీకోసం ఎదురుచూస్తోంది" అనగానే మా ఇంట్లో పిల్లలందరూ "అబద్ధం" అని అరిచారు. పానగల్లు ఉదయసముద్రం ఒడ్డున గంటలకొద్దీ కదలకుండా నిలబడే బూడిదరంగు కొంగను చూసినవాళ్ళకు ఈ బొమ్మ ఎంత శ్రద్ధగా గీశారో తెలుస్తుంది, మెడ ముడిచే తీరు, రెక్క విప్పేటప్పుడు బరువు, నీళ్ళ మీద వాలే పద్ధతి. తర్వాత అదే పక్షి ముక్కులోంచి మనిషి పళ్ళు, పెద్ద ముక్కు, బట్టతల బయటికి వస్తాయి. మహితో దాని ఈకతోనే బాణం చేసి దాని ముక్కుకు చిల్లు పొడుస్తాడు, ఆ చిల్లు వల్ల అది ఎగరలేకపోతే మళ్ళీ తానే కూర్చుని చెక్క చెక్కి బిరడా బిగిస్తాడు. చిల్లు చేసినవాడే పూడ్చాలి. కొంగ మంచిదా చెడ్డదా అంటే, అబద్ధాలకోరు, పిరికిది, కానీ చివరిదాకా వెంట ఉంటుంది, పోతూపోతూ మహితోను నేస్తం అని పిలుస్తుంది. స్నేహితులంటే ముందునుంచీ మంచివాళ్ళుగా దొరుకుతారని ఈ సినిమా ఎక్కడా అనదు.

ఇప్పుడు ఆ పుస్తకం

నత్సుకో ఒకరోజు ఒంట్లో బాగాలేకున్నా ఒంటరిగా అడవివైపు నడిచి వెళ్తుంటుంది. మహితో కిటికీలోంచి చూస్తాడు. చూసి, మళ్ళీ తల వంచుకుని బాణం పని చేసుకుంటాడు. ఈ చోటు చాలామంది గమనించరు. వాడు ఆమెను ఆపలేదు, ఎవరికీ చెప్పలేదు. తర్వాత బల్ల మీది పుస్తకాలు కిందపడితే వాటిలో ఒకటి తీసి చూస్తాడు, పెద్దయ్యాక మహితో చదవాలని అమ్మ తన చేతిరాతతో రాసి పెట్టిన పుస్తకం. చదువుతుంటే కన్నీళ్ళు పేజీ మీద పడతాయి. అంతలో నత్సుకో కనబడట్లేదని ఇంట్లో గోల. ఈసారి మహితో లేచి విల్లు పట్టుకుని అడవిలోకి పరుగెత్తుతాడు. కిటికీ దగ్గర ఆమెను చూసి ఊరుకున్న పిల్లవాడికీ, అడవిలోకి పరుగెత్తిన పిల్లవాడికీ మధ్య జరిగింది ఆ పుస్తకం ఒక్కటే. కానీ అందులో ఏముందో సినిమా చెప్పదు.

అది గెంజబురో యోషినో 1937లో పిల్లల కోసం రాసిన నవల, సినిమా జపాన్ పేరు కూడా దాని పేరే, ‘మీరు ఎలా బతుకుతారు?’ అని. తండ్రి లేని పదిహేనేళ్ళ పిల్లవాడు, స్నేహితులు ముద్దుగా కోపెర్ అని పిలుస్తారు, కోపర్నికస్ పేరు మీద. మేనమామ వాడికోసం ఒక నోట్‌బుక్ రాస్తుంటాడు, లోకం నీ చుట్టూ తిరగట్లేదు, నువ్వు అందులో ఒక నలుసువి, అలాంటి మాటలు. ఆ నవల గుండెకాయ లాంటి భాగం ఏమిటంటే, ఒక స్నేహితుడిని సీనియర్లు కొడితే అందరం అడ్డం నిలబడదామని పిల్లలు మాట ఇచ్చుకుంటారు. తీరా మంచులో ఆ రోజు వచ్చేసరికి మిగతావాళ్ళు నిలబడతారు, కోపెర్ భయంతో బిగుసుకుపోయి చూస్తూ ఉండిపోతాడు. తర్వాత జ్వరంతో పడిపోతాడు, సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. మేనమామ సాకులు వెతకనివ్వడు, తప్పు నీదే అని ఒప్పుకుని క్షమించమని ఉత్తరం రాయమంటాడు, వాళ్ళు క్షమిస్తారా లేదా అన్నది నీ చేతిలో లేదంటాడు. కోపెర్ రాస్తాడు.

రాసిన యోషినోను 1931లో ప్రభుత్వం రాజకీయ చట్టం కింద జైల్లో పెట్టింది. దేశం మొత్తం యుద్ధం వైపు ఉరుకుతున్నప్పుడు పిల్లలకు సొంతంగా ఆలోచించండని చెప్పడానికి రాసిన పుస్తకం అది.

ఇది తెలిశాక మహితో కన్నీళ్ళు ఎందుకో అర్థమవుతుంది. అమ్మ చేతిరాత చూసి ఏడ్చాడనుకుంటాం, అదీ నిజమే, కానీ వాడు చదువుతున్నది తప్పు చేసి దాన్ని దాచుకోలేక ఒప్పుకున్న పిల్లవాడి కథ. తల మీద కట్టు ఉంది, ఆ కట్టు కింద అబద్ధం ఉంది, ఇప్పుడే ఒక గర్భిణిని అడవిలోకి పోతుంటే చూసి ఊరుకున్నాడు. ఇదంతా వాడికి ఆ క్షణంలో తగిలింది. ఇది నా చదువు, సినిమా వేలు పెట్టి చూపించదు, కానీ చివరలో వాడు చెప్పే మాటకు దీనికంటే గట్టి ఆధారం నాకు కనబడలేదు.

కింది లోకం ఎవరిది

అడవిలో పాడుబడ్డ బురుజు ఉంటుంది, నత్సుకోను వెతుకుతూ మహితో వెళ్ళేది అందులోకే. 1868లో జపాన్‌లో పాత పాలన కూలి మెయిజీ పాలన వచ్చింది, దానికి కాస్త ముందు ఆకాశం నుంచి ఒక పెద్ద రాయి పడిందట, మహితో తల్లి తరఫు పెద్దతాత ఆ రాయి చుట్టూ ఈ బురుజు కట్టించాడు, కట్టేటప్పుడు కూలీలు చాలామంది పోయారు, చివరికి చదివి చదివి మతిపోయి ఆయనే ఒకరోజు అందులో మాయమయ్యాడు. ఇది ఇంట్లోని ముసలమ్మలు చెప్పే మాట. అసలు సంగతి, ఆయన ఆ రాయితో ఒప్పందం చేసుకుని దాని బలంతో కింద ఇంకో లోకం కట్టాడు. యుద్ధాలు, ఆకలి లేని చక్కని లోకం కావాలనుకున్నాడు.

అయిందేమిటో పక్షులు చెప్తాయి. తెల్లటి చిన్న చిన్న వరవరలు, పైలోకంలో పుట్టబోయే ప్రాణాలు, రాత్రి పూట ఆకాశంలోకి తేలుతుంటే పెలికాన్‌లు వచ్చి మింగుతుంటాయి. మనకు కోపం వస్తుంది. హిమి అనే పిల్ల నిప్పులు విసిరి వాటిని కాలుస్తుంది, ఆ నిప్పుకు కొన్ని వరవరలు కూడా పోతాయి. తర్వాత రెక్కలు కాలిన ఒక ముసలి పెలికాన్ చావబోతూ మహితోతో మాట్లాడుతుంది. మమ్మల్ని ఇక్కడికి తెచ్చి వదిలారు, ఈ సముద్రంలో చేపలు లేవు, ఎంత ఎత్తుకు ఎంత దూరం ఎగిరినా తిరిగి ఇదే దీవికి వస్తాం, ఇక్కడ పుట్టిన పిల్లలు ఎగరడమే మర్చిపోతున్నాయి. పాలమూరులో పెరిగినవాళ్ళకు ఈ మాటలు వేరేగా వినబడతాయి. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని, ఎక్కడో కట్టే డ్యామ్ దగ్గర గుడిసెలో దిగి, చేసిన అప్పు తీరక ఏటేటా అదే దారి పట్టిన మనుషులు ఈ జిల్లాలో ప్రతి ఊళ్ళో ఉన్నారు, ఎవరో గీసిన ప్లానులో వీళ్ళు తిండి వెతుక్కోవాలి. మహితో ఏమీ అనకుండా గొయ్యి తవ్వి ఆ పక్షిని పూడుస్తాడు. అప్పటిదాకా ఇది రాక్షసుల లోకం అనుకున్న మనం అక్కడ ఆగిపోతాం.

చిలుకలదీ అదే కథ, కాకపోతే నవ్వు కలిసింది. మనిషంత పెద్ద చిలుకలు, వీపు వెనక కత్తులు దాచుకుని మర్యాదగా పలకరిస్తాయి, వంటశాల ఉంది, రాజున్నాడు, సైన్యం ఉంది. మా అమ్మ మాతోపాటు కూర్చుని చూసింది. ఆమె చిన్నప్పుడు దేవరకద్ర దిక్కు జొన్నచేను మంచె మీద తెల్లవారుజామునుంచే కూర్చుని వడిసెలతో చిలుకలను కొట్టిన మనిషి, కంకి పాలుపోసుకునేటప్పుడు గుంపు ఒక్కసారి వాలిందంటే సగం గింజ నేలపాలే, తినేదానికంటే కొరికి పడేసేది ఎక్కువ. చిలుకల గుంపు తెర నిండా రాగానే ఆమె మొహం చూడాలి. పిల్లలు నవ్వుతున్నారు, ఆమె నవ్వలేదు, "ఇవి గంతే, ఒక్కటొస్తే ముద్దు, వెయ్యొస్తే ముప్పు" అంది. మియాజాకి చూపించినదీ గుంపు కట్టిన చిలుకలనే, రాజు ఏమంటే దానికి జై కొట్టే గుంపు. అవి పుట్టు రాక్షసులు కావు. తలుపు దాటి మన లోకంలోకి రాగానే మామూలు చిన్న చిలుకలైపోయి ఎగిరిపోతాయి, అందరి మీదా రెట్ట వేసి మరీ. పెద్దతాత కట్టిన లోకంలో ఇరుక్కుని అలా తయారయ్యాయి. చక్కని లోకం కడతానని పక్షుల్ని తెచ్చిపెట్టి, అవి ఏం తింటాయన్నది ఆలోచించని మనిషి ఆయన.

హిమి ఎవరు, కాలం ఎలా కలిసింది

ఇది పిల్లలందరూ అడిగేది. హిమి అంటే చిన్నప్పటి హిసాకో, మహితో తల్లి. ముసలమ్మలు ముందే చెప్తారు, చిన్నప్పుడు ఆమె కూడా ఏడాది పాటు మాయమై, వెళ్ళినప్పటి బట్టలతో వెళ్ళినట్టే తిరిగొచ్చింది, ఏమైందో ఒక్కటీ గుర్తులేదు, నవ్వుతూ ఉంది. ఆ ఏడాది ఆమె ఉన్నది ఈ కింది లోకంలో. బురుజు ఏ ఒక్క కాలానికీ చెందింది కాదు, లోపల పొడవాటి నడవలో తలుపుల వరస ఉంటుంది, ఒక్కో తలుపు ఒక్కో కాలంలోకి తెరుచుకుంటుంది. మహితో ఒక తలుపులోంచి తన కాలంలోకి అడుగుపెట్టి తండ్రిని చూస్తాడు, పిడి వదిలితే మళ్ళీ లోపలికి రాలేడు, వదలడు. పడవ నడిపే బలమైన కిరికో కూడా అంతే, పైన ఇంట్లో పొగాకు కోసం కక్కుర్తిపడే ముసలి కిరికో చిన్నప్పటి రూపం. అదే సమయంలో మహితోతో కలిసి కిందికి జారిన ముసలి కిరికో చెక్కబొమ్మగా వాడి జేబులో ఉంటుంది, బయటికి రాగానే మనిషైపోతుంది. చిన్న కిరికో అక్కడికి ఎలా చేరిందో మాత్రం సినిమా చెప్పదు, చివర్లో హిమితో పాటు ఆమె తలుపులోంచే వెళ్తుంది కాబట్టి ఇద్దరిదీ ఒకే కాలమని మనం అనుకోవాలి.

అసలు నన్ను ఆపేసింది ఇది కాదు. అమ్మ పోయింది నిప్పులో, ఇక్కడ అదే అమ్మ చిన్నపిల్లగా నిప్పును చేతిలో ఆడిస్తూ ఉంటుంది. మహితోకు రొట్టె కాల్చి, వెన్న, జామ్ దట్టంగా పూసి పెడుతుంది, వాడు మొహమంతా జామ్ పూసుకుని తింటాడు, మా అమ్మ చేసే రొట్టె ఇలాగే ఉండేదంటాడు. సినిమా మొత్తంలో వాడు పిల్లవాడిలా కనబడేది అక్కడే.

పురిటి గది

జపాన్ వాళ్ళ పాత పురాణ గ్రంథం కొజికి, 712లో కూర్చింది, అందులో ఇజనాగి అనే దేవుడు పురిట్లో చనిపోయిన భార్యను తెచ్చుకోవడానికి పాతాళానికి వెళ్తాడు. చూడొద్దంటే చూస్తాడు, కుళ్ళిన శరీరం చూసి భయపడి పారిపోతాడు. అందులోనే ఇంకో కథలో ప్రసవించే గుడిసెలోకి భర్త తొంగిచూడకూడదు, చూసినందుకు భార్య విడిచిపోతుంది. ఈ రెండు కథలూ మియాజాకి కలిపి, రెండింటినీ తిప్పేశారు. మహితో కిందికి వెళ్ళేది చచ్చిపోయిన అమ్మ కోసమని కొంగ ఆశ చూపిస్తుంది. వాడు అది అబద్ధమని తెలిసే వెళ్తాడు, వెతికేది నత్సుకోను. ఎందుకని అడిగితే, ఆవిడ మా నాన్నకు ఇష్టమైన మనిషి అంటాడు. తనకు ఏమవుతుందో చెప్పడు.

నత్సుకో ఉన్నది పురిటి గదిలో. మనకు దీన్ని వివరించక్కర్లేదు, పురుడొచ్చిన గదిలోకి ఎవరు పడితే వాళ్ళు పోకూడదన్నది మన అమ్మమ్మలు కాపాడిన కట్టుబాటే. అక్కడ దాన్ని దాటడం మహాపరాధం, చిలుకల రాజు దాన్నే పట్టుకుని పెద్దతాతతో బేరానికి దిగుతాడు. కాగితపు పీలికలు వేలాడుతూ, మహితో అడుగుపెట్టగానే తిరగబడి వాడి మొహానికి చుట్టుకుంటాయి. నత్సుకో లేచి జుట్టు విరబోసుకుని, ఎందుకొచ్చావు, పో, నువ్వంటే నాకు అసహ్యం అని అరుస్తుంది. వాడిని కాపాడటానికి అలా తరిమింది అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం రెండూ నిజమే అనిపిస్తుంది. ఆమె కూడా ఇన్నాళ్ళు మర్యాదగా నవ్వుతూనే ఉంది కదా, అక్క ఇంట్లో అక్క మొగుడితో, తనను పలకరించని అక్క కొడుకుతో. లోపల దాచుకున్నది ఒక్కసారి బయటపడింది. అప్పుడు మహితో, అంతవరకు పేరు వెనక గౌరవం తగిలించి పరాయిమనిషిలా పిలిచినవాడు, "నత్సుకో అమ్మా" అని పిలుస్తాడు. అసహ్యం అన్న మాట విన్న తర్వాత పిలిచాడు, అందుకే ఆ పిలుపుకు బరువుంది. ఇద్దరి మధ్యా అబద్ధం పోయింది.

ఆమె బురుజులోకి ఎందుకు వెళ్ళింది అన్నదానికి సినిమా సూటిగా చెప్పదు. పెద్దతాత వారసుడు ఆయన రక్తసంబంధీకుడే కావాలి, ఆమె కడుపులో ఉన్నదీ ఆ రక్తమే, రాయి పిలిచి ఉంటుంది. దానికి తోడు ఆమెకు ఆ ఇంట్లో ఊపిరాడలేదు.

పదమూడు రాళ్ళు

పెద్దతాత ముందు చిన్న చిన్న రాతిదిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, కింది లోకం నిలబడింది దాని మీదే, ఎప్పుడు పడిపోతుందో తెలియదు. ఆయన మహితోకు పదమూడు రాళ్ళు ఇస్తానంటాడు, ఏ చెడూ అంటనివి, మూడు రోజులకొకటి పెట్టు, నీ లోకం నువ్వు కట్టుకో, నాకంటే మంచిది కట్టు. పదమూడు అంటే మియాజాకి తీసిన సినిమాలని చాలామంది రాస్తున్నారు. లెక్కపెడితే 1979లో తీసిన మొదటిదాని నుంచి ఇప్పటిదాకా ఆయన దర్శకత్వం వహించిన పూర్తి సినిమాలు 12 వస్తాయి. పదమూడు చేయడానికి ఏదో ఒకటి ఇరికించాల్సిందే. ఆ లెక్క పట్టుకుని కూర్చోవడం దండగ.

అంతకంటే గట్టిది సుజుకి చెప్పిన మాట: మహితో మియాజాకి, కొంగ తాను, పెద్దతాత ఇసావో తకహాతా. తకహాతా మియాజాకి కంటే పెద్దవాడు, గురువు, మియాజాకి సినిమాలు తీసే స్టూడియో జిబ్లీని ఆయనతో కలిసి నిలబెట్టినవాడు, 2018 ఏప్రిల్‌లో, ఈ సినిమా పని మధ్యలో చనిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మియాజాకికి పని ముందుకు సాగలేదనీ, పెద్దతాత మీద నడవాల్సిన కథ కొంగకీ పిల్లవాడికీ మధ్య స్నేహం వైపు మళ్ళిందనీ సుజుకి చెప్పారు. తన గురువు కట్టినదాన్ని చేతిలో పెడితే ఏం చేయాలి అన్న ప్రశ్న అందులో ఉంది. ఇప్పుడు మియాజాకి వయసు చూస్తే పెద్దతాత ఆయనే కూడా. జిబ్లీకి వారసుడు దొరక్క 2023 అక్టోబరులో నిప్పన్ టీవీ అనే జపాన్ టీవీ కంపెనీ చేతికి వెళ్ళింది, అంటే ఈ సినిమా విడుదలైన మూడు నెలలకు.

మహితో ఒప్పుకోడు. ఎందుకు ఒప్పుకోడన్నదే సినిమాకు కీలకం, అది రెండు క్షణాల్లో అయిపోతుంది. తల మీది మచ్చ చూపిస్తాడు. ఈ గాయం నాకు నేనే చేసుకున్నాను, నాలో ఉన్న చెడుకు ఇది గుర్తు, ఆ రాళ్ళను ముట్టే అర్హత నాకు లేదు అంటాడు. తండ్రికి చెప్పలేదు, చిన్నమ్మకు చెప్పలేదు, లోకాన్ని చేతిలో పెడతానన్న మనిషికి చెప్పాడు. కోపెర్ రాసిన ఉత్తరం ఇది. చెడు అంటని రాళ్ళతో లోకం కట్టాలంటే కట్టేవాడిలోనూ చెడు ఉండకూడదు, అలాంటివాడు ఎవరూ లేరు, నేనైతే కాదు, అని ఆ పిల్లవాడు అంటున్నాడు. పైకి పోయి మళ్ళీ అదే మంటల లోకానికి వెళ్తావా అని పెద్దతాత అడిగితే, స్నేహితుల్ని చేసుకుంటాను, హిమిలాంటి, కిరికోలాంటి, ఈ కొంగలాంటి స్నేహితుల్ని అంటాడు.

చిలుకల రాజుకు ఆ మాటలు పట్టవు, ఇంత లోకం ఈ రాళ్ళ మీదా అని తానే గబగబా పేర్చి, నిలబడకపోతే కత్తితో నరికేస్తాడు. అంతా కూలిపోతుంది.

తలుపుల దగ్గర హిమి తన కాలం తలుపు వైపు వెళ్తుంటే మహితో ఆపుతాడు, అటు వెళ్తే ఆసుపత్రి మంటల్లో చనిపోతావని చెప్తాడు. నిప్పంటే నాకు భయం లేదు, నిన్ను కనడం ఎంత బాగుంటుంది అని ఆమె వెళ్ళిపోతుంది. మా అక్క అక్కడ లేచి వంటగదిలోకి వెళ్ళింది, చాలాసేపు రాలేదు. అమ్మ అగ్నిలో పోయింది అన్నదానికి ఇంతవరకు మహితోకు ఉన్న ఊహ ఒక్కటే, సహాయం కోసం అరుస్తూ పోయిందని, కలలో కూడా అదే వచ్చేది. ఇప్పుడు ఆమె తెలిసి, ఒప్పుకుని, నవ్వుతూ నడిచింది. తలుపు దాటాక ఆమెకు ఇవేవీ గుర్తుండవు. వాడికి గుర్తుంటుంది, కింది లోకపు రాయి ఒకటి, కిరికో బొమ్మ జేబులో పెట్టుకున్నాడు కాబట్టి, అయినా మెల్లగా మర్చిపోతావులే, అదే మంచిది అంటుంది కొంగ. యుద్ధం ముగిసిన రెండేళ్ళకు తమ్ముడితో, నత్సుకోతో, తండ్రితో కలిసి టోక్యో తిరిగి వెళ్తారు. అంతే, అక్కడ ఆపేశారు.

రెండోసారి చూసేవాళ్ళకు ఒక మాట. జపాన్ భాషలోనే పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి, నత్సుకోను పిలిచే తీరు ఎక్కడ మారిందో మన చెవికే తెలుస్తుంది. మొదటి నలభై నిమిషాలు ఏమీ జరగట్లేదని ముందుకు జరపొద్దు. ఆ ఇంట్లో మహితో ఎవరితో ఏ మాట అనకుండా ఊరుకున్నాడో చూస్తూ పోతే, పెద్దతాత ముందు వాడు నోరు తెరిచినప్పుడు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లలతో చూస్తుంటే మాత్రం తల మీద రాయితో కొట్టుకునే చోటు కాస్త పక్కన కూర్చోండి, నెత్తురు ఎక్కువే చూపించారు.